పలుగు, పార, పరదేశం



ఈ మధ్య మన యౌవనస్థులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, కొన్ని నెలలు వేరే దేశం వెళ్ళి జీతం లేకుండా సేవ చేసి రావాలని ఉంది. వెళ్ళమంటారా?" వాళ్ళ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరు. "జీతం రాని పనికి అప్పు చేసి అంత దూరం పోవడం ఎందుకు? మన ఊళ్ళో పని కరువా?" రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో తేల్చేస్తే రెండో పక్షానికి అన్యాయం చేసినట్టవుతుంది. అందుకే ఈ వారం వాక్య ధ్యానంతో పాటు కొంత చరిత్ర కూడా మీ ముందు పెడుతున్నాం. పరదేశానికి పోయి ఉచితంగా పని చేయడం అనే అలవాటు ఎక్కడ పుట్టింది, అది పోయినవాళ్ళను ఏం చేసింది, పోయిన చోట ఏం మిగిల్చింది అనేది తెలిస్తే మన పిల్లలకు జవాబు చెప్పడం తేలికవుతుంది.

యుద్ధం తిన్న నేల

1916 ఫిబ్రవరిలో ఫ్రాన్సు దేశంలో వెర్డన్ అనే పట్టణం దగ్గర జర్మన్ సైన్యానికి, ఫ్రెంచి సైన్యానికి యుద్ధం మొదలైంది. అది డిసెంబరు దాకా సాగింది. రెండు పక్షాలూ కలిపి దాదాపు 3 లక్షల మంది చనిపోయారు. ఫిరంగి గుండ్లు పడి పడి భూమి గుంతల మయమైంది. ఊళ్ళకు ఊళ్ళు నేలమట్టమయ్యాయి. వెర్డన్‌కు దగ్గరలో ఎస్న్ అనే చిన్న పల్లె ఉంది. దాని పక్కనే ఉన్న 304 నంబరు కొండ మీద కోసం ఎందరు బిడ్డలు ప్రాణాలు విడిచారో ఆ ఊరివాళ్ళకు తెలుసు. యుద్ధం ముగిశాక ఊరివాళ్ళు తిరిగి వచ్చేసరికి ఇళ్ళు లేవు, పొలానికి గట్టు లేదు. మట్టి కింద పేలని గుండ్లు మాత్రం ఉన్నాయి.

1920 నవంబరులో ఆ పల్లెకు ఒక చిన్న జట్టు వచ్చింది. చేతుల్లో పలుగులు, పారలు. వాళ్ళలో స్విట్జర్లాండు వాళ్ళున్నారు, ఇంగ్లండు వాళ్ళున్నారు. ముగ్గురు జర్మన్లు కూడా ఉన్నారు. ఏ జాతి సైనికులైతే ఆ ఊరిని కూల్చారో, ఆ జాతివాళ్ళే దాన్ని కట్టడానికి వచ్చారు. ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొట్టే దినాన్ని గురించి యెషయా 2వ అధ్యాయంలో మనం ఎన్నోసార్లు చదివాం. ఆ మాట నెరవేరితే చూడడానికి ఎలా ఉంటుందో ఆ చలికాలంలో ఎస్న్ పల్లెలో కొద్దిగా కనిపించింది.

ఆ జట్టును తీసుకొచ్చినవాడు పియర్ సెరెసోల్. ఆయన 1879లో స్విట్జర్లాండులోని లోజాన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి పాల్ సెరెసోల్ 1873లో ఆ దేశానికి అధ్యక్షుడిగా పని చేసినవాడు. ఇంత పెద్ద ఇంటి బిడ్డ ఇంజనీరింగు చదివాడు, గణితంలో ఆరితేరాడు. కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పుకునే అవకాశం ఉన్నా యౌవనంలో అమెరికా, హవాయి, జపాను దేశాలు తిరిగాడు, ఒంటి కష్టంతో బతకడం నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక తండ్రి నుంచి వచ్చిన ఆస్తిని తనకొద్దని దేశానికే ఇచ్చేశాడు. కొండమీది ప్రసంగంలో ప్రభువు శత్రువును ప్రేమించమన్నప్పుడు నిజంగానే అన్నాడని ఆయన నమ్మాడు. సైన్యం కోసం వసూలు చేసే పన్ను కట్టనన్నాడు. అందుకు జైలుకు వెళ్ళాడు.

అయితే వద్దనడంతోనే సరిపెట్టుకోవడం ఆయనకు నచ్చలేదు. సైనికుడు ఇల్లు విడిచి వెళ్తాడు, చలిలో పడుకుంటాడు, దేశం కోసం ఒళ్ళు అలిసేలా శ్రమిస్తాడు. ఆ త్యాగం గొప్పదే. దాన్ని చంపడానికి కాకుండా కట్టడానికి వాడుకోలేమా అనేది ఆయన ఆలోచన. అలా పుట్టిందే అంతర్జాతీయ పౌర సేవా సంస్థ, సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్. నేటికీ అనేక దేశాల్లో యువకులు సెలవుల్లో ఒకచోట చేరి శ్రమదానం చేసే శిబిరాలకు ఎస్న్ పల్లెలో దిగిన ఆ జట్టే తొలి మాదిరి అని చెబుతారు.

మొదటి పని ఎందుకు ఆగిపోయింది

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఆ మొదటి పని మధ్యలోనే ఆగిపోయింది.

ఆ జట్టు చలికాలమంతా కష్టపడింది. ఉండడానికి చెక్క ఇళ్ళు లేపారు, గుంతలు పూడ్చారు, దారులు బాగు చేశారు. అయినా జర్మన్లు తమ మధ్య ఉండడాన్ని అందరూ ఒప్పుకోలేకపోయారు. జర్మన్లు వెళ్ళిపోవాలన్న ఒత్తిడి పెరిగింది. జట్టు వాళ్ళను ఒంటరిగా పంపడానికి ఇష్టపడలేదు. దాదాపు 5 నెలలు గడిచాక 1921 వసంతంలో అందరూ కలిసి పని ఆపి వెళ్ళిపోయారు.

ఇది చదివి ఆ పల్లెవాళ్ళు కృతజ్ఞత లేనివాళ్ళని తొందరపడి అనకండి. కొడుకు శవం కూడా దొరకని తల్లి ఆ ఊళ్ళో ఉండి ఉంటుంది. ఆమె పొలంలో జర్మన్ యువకుడు పార పట్టుకుని నిలబడితే, అతని మనసు ఎంత మంచిదైనా ఆమె కంటికి కనిపించేది మరొకటి. గాయం మానడానికి దానికొక కాలం ఉంటుంది. పైనుంచి మనం వేసుకునే తొందర దానికి తెలియదు. యోహాను 13లో పేతురు తన కాళ్ళు కడగనివ్వనన్నాడు. ప్రభువు కోపగించుకోలేదు, ఆగి మాట్లాడాడు. సేవ అందుకోవడానికి కూడా ఒక మనిషి మనసు తెరవాలి, దాన్ని బలవంతంగా తెరవడం ఎవరి తరమూ కాదు.

ఆ జట్టులోని వాళ్ళు ఇక ఇది మనవల్ల కాదని విడిపోయి ఉంటే ఈ చరిత్ర అక్కడితో సరి. సెరెసోల్ స్వదేశం వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. 1924లో స్విట్జర్లాండులోని వెర్ లెగ్లీజ్ అనే కొండ ఊరిని మంచు చరియ ముంచెత్తితే అక్కడ చెత్త తీసే పనికి దిగారు. ఈసారి పని నడిపించడంలో ఆయన అన్న ఎర్నెస్ట్ సాయపడ్డాడు. ఎర్నెస్ట్ సైన్యంలో కల్నల్. ఒకే తల్లి బిడ్డలు, ఒకడు సైన్యమే వద్దన్నవాడు, ఒకడు సైన్యంలో అధికారి. ఇద్దరూ ఒకే గుంత దగ్గర కలిశారు. అభిప్రాయాలు కలవకపోతే పలకరింపులే మానుకునే అన్నదమ్ములు మన ఊళ్ళలో ఎందరో. వాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

1927లో రైన్ నది గట్టు తెగి లీక్టెన్‌స్టైన్ అనే చిన్న దేశంలో పొలాలన్నీ ఇసుక, రాళ్ళతో నిండిపోయాయి. 1928లో ఆ ఇసుక తీయడానికి 20కి పైగా దేశాల నుంచి 700 మందికి పైగా వచ్చారు. విద్యార్థులు, కూలీలు, గుమాస్తాలు ఒకే పాకలో పడుకున్నారు, ఒకే కుండలో వండింది తిన్నారు. వచ్చిన స్త్రీలను సిస్టర్లని పిలిచేవారు. వంట, ఉతుకుడు, చిరిగిన బట్టలు కుట్టడం వాళ్ళ పాలిట పడింది. ఆ రోజుల్లో వాళ్ళ పేర్లు పెద్దగా రాయలేదు గాని, ఆ అన్నం లేకుండా ఒక్క పార కూడా లేచేది కాదు. మన మందిరాల్లో సభలు జరిగినప్పుడు పొయ్యిల దగ్గర ఉండిపోయే తల్లులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

బీహారు మట్టిలో

1934 జనవరి 15న బీహారులో, నేపాలులో మహా భూకంపం వచ్చింది. 10 వేల మందికి పైగా చనిపోయారు. ముజఫర్‌పూర్, దర్భంగా, ముంగేర్ పట్టణాలు కూలిపోయాయి. పొలాల్లో నేల పగిలి ఇసుక, నీరు పైకి తన్నుకొచ్చాయి. కొన్నిచోట్ల నేల మట్టమే మారిపోయి, ఎప్పుడూ మునగని ఊళ్ళు వరదలో మునిగే స్థితి వచ్చింది. సహాయ కార్యక్రమాన్ని బాబూ రాజేంద్రప్రసాద్ నడిపించారు. తరువాత మన దేశానికి మొదటి రాష్ట్రపతి అయినవారు ఆయనే.

ఆ రోజుల్లో పెద్దల మధ్య ఒక వాదం వచ్చింది. అంటరానితనమనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అని గాంధీగారు అన్నారు. అంటరానితనాన్ని రవీంద్రనాథ్ టాగూరు కూడా అంతే గట్టిగా వ్యతిరేకించేవారు. అయినా ప్రకృతిలో జరిగిన దానికి అలా అర్థం చెప్పడం తప్పని ఆయన బహిరంగంగా ఖండించారు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వస్తుంది. చనిపోయినవాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులా అంటే కాదని ప్రభువు చెప్పాడు. ఆపద వచ్చినప్పుడు ఎవరి పాపం అని వెదికేవాడు ఒకడు, ఎవరి ఇల్లు కూలింది అని వెదికేవాడు ఒకడు. రెండోవాడి వెంట నడవమనే వాక్యం మనకు నేర్పుతుంది.

సెరెసోల్ అంతకు ముందే గాంధీగారిని ఎరుగును. 1931 డిసెంబరులో గాంధీగారు స్విట్జర్లాండులో రచయిత రొమా రోలాను చూడడానికి వెళ్ళినప్పుడు వారి పరిచయం కలిగింది. భూకంపం వార్త విని ఆయన 1934లో మన దేశానికి వచ్చాడు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు దగ్గరపడ్డాయి. 1937 దాకా వస్తూ పోతూ ఆయన, ఆయనతో యూరప్ నుంచి వచ్చిన కొద్దిమంది ముజఫర్‌పూర్ ప్రాంతంలో పని చేశారు. వరదకు చిక్కే ఊళ్ళను మెరక నేల మీదికి మార్చి కట్టడం వాళ్ళ పని. అలా లేచిన ఒక కొత్త ఊరికి శాంతిపూర్ అని పేరు పెట్టారు.

వచ్చిన వాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అంత పెద్ద విపత్తులో వాళ్ళు మోసిన మట్టి ఎంత? కూలి డబ్బు లెక్క వేస్తే ఓడ టికెట్టు ఖర్చు కూడా రాదు. మన తల్లిదండ్రుల ప్రశ్న సరిగ్గా ఇక్కడే తగులుతుంది. ఆ డబ్బు పంపితే సరిపోయేది కాదా?

లెక్క ప్రకారం ఆ ప్రశ్నకు ఎదురు లేదు. కాని తెల్లవాడంటే గుర్రం మీద వచ్చే దొర అని మాత్రమే తెలిసిన కాలం అది. మట్టి తట్ట ఎత్తడం ఫలానా కులం పని అని రాసిపెట్టుకున్న నేల అది. అక్కడ ఒక అధ్యక్షుడి కొడుకు ఎండలో మట్టి మోశాడు. ఆ తట్ట విలువను బరువు తూచి చెప్పలేం. మట్టి మోసే చేతికి అవమానం లేదని దొరల ముందు, ఊరిపెద్దల ముందు ఒక్కసారే చెప్పిన సాక్ష్యం అది. తట్ట, పార బతుకంతా మోసినవాళ్ళ పిల్లలం మన సంఘంలో ఎక్కువమందిమి. దాని అర్థం మనకు బాగా తెలుసు.

సెరెసోల్ 1945లో చనిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా శాంతి మాట చెప్పడానికి సరిహద్దు దాటి జర్మనీలోకి వెళ్ళి మళ్ళీ జైలు చూశాడు. సైన్యానికి బదులు పౌర సేవ చేసే హక్కును స్విట్జర్లాండు చట్టంగా అమల్లోకి తెచ్చింది 1996లో. విత్తినవాడు కోత చూడలేదు.

మంచి మనసు ఒక్కటే చాలదు

యుద్ధం తరువాత ఈ పని పెద్దదైంది. 1958లో ఇంగ్లండులో అలెక్ డిక్సన్ అనే ఆయన బడి ముగించి కాలేజీలో చేరబోయే కుర్రాళ్ళను ఏడాది పాటు ఇతర దేశాలకు పంపే సంస్థ పెట్టాడు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పీస్ కోర్ స్థాపించాడు. ఆ యువకులు 1961 నుంచి 1976 దాకా మన దేశానికి కూడా వచ్చారు.

సంఖ్య పెరిగేకొద్దీ కష్టమైన ప్రశ్నలూ వచ్చాయి. 1968లో మెక్సికోలో ఇవాన్ ఇల్లిచ్ అనే కాథలిక్ గురువు, అక్కడి పల్లెల్లో సేవ చేయడానికి బయలుదేరిన అమెరికా విద్యార్థుల ముఖం మీదే మాట్లాడాడు. మీ మనసు మంచిదే కావచ్చు, ఈ పల్లెల భాష మీకు రాదు, వాళ్ళ బతుకు మీకు తెలియదు, కాబట్టి చూడడానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దు అన్నది ఆయన మాటల సారం. గట్టి మాట. అయినా అందులో నిజముంది. కంబోడియా వంటి దేశాల్లో విదేశీ యువకులు వచ్చి కొద్ది వారాలు అనాథాశ్రమాల్లో పిల్లల్ని ఆడించి వెళ్ళడం పెరిగాక, ఆ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని బయటపడింది. చూడడానికి వచ్చేవాళ్ళు ఉంటే చూపించడానికి పిల్లల్ని పోగుచేసేవాళ్ళు పుడతారు. ఇది పాపం. మంచి మనసుతో వెళ్ళినా ఆ పాపంలో పాలు పంచుకునే ప్రమాదం ఉంది.

ఈ సంగతి మనం మరీ గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే మనం అందుకున్నవాళ్ళం. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయినప్పుడు, ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి శవాలు తీశారు, ఇళ్ళు కట్టారు. ఆపదలో ఉన్నవాడి ఇంటికి ఎలా రావాలో, ఎలా రాకూడదో అందుకున్నవాడికి తెలిసినంతగా ఇచ్చినవాడికి తెలియదు.

తిరిగి వచ్చినవాడు

మరి వెళ్ళడం వల్ల ఒరిగేదేమిటి? దీనికి జవాబు మన తెలుగు నేల మీదే ఉంది.

1902లో తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన ఒక 28 ఏళ్ళ యువకుడు సముద్రం దాటి సిలోనులోని జాఫ్నాకు వెళ్ళాడు. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. అప్పుడాయన వై.ఎం.సి.ఎ.లో పని చేస్తున్నాడు. జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సేవకుల్ని సముద్రం ఇవతలికి, మన దేశానికి పంపుతున్నారని అక్కడ తెలుసుకున్నాడు. వాళ్ళకంటే పెద్ద సంఘం తిరునెల్వేలిలో ఉంది, అలాంటి పని ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయన్ని నిలవనివ్వలేదు. తిరిగి వచ్చాక 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తోటివాళ్ళతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించాడు. భారతీయుల డబ్బు, భారతీయుల సేవకులు, భారతీయుల నడిపింపు అన్నది దాని నియమం. ఆ సంస్థ ఎంచుకున్న పొలం నైజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. తిరునెల్వేలి వాళ్ళకు అది వేరే రాజ్యం, వేరే భాష, పరదేశంతో సమానం. 1909లో అజరయ్య పట్టణ ఉద్యోగం వదిలి గురువుగా అభిషేకం పొంది దోర్నకల్ వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆ పల్లెల మధ్యే ఉన్నాడు.

గమనించండి. జాఫ్నాలో ఆయన ఏం కట్టాడని ఎవరూ అడగరు. ఆ ప్రయాణపు ఫలం జాఫ్నాలో కాయలేదు, దోర్నకల్‌లో కాసింది. పరదేశం ఆయనకు తన సొంత సంఘంలో ఉన్న లోటును చూపించింది. రోమా పత్రిక 1వ అధ్యాయం 11, 12 వచనాల్లో పౌలు కూడా ఇదే రహస్యం చెబుతాడు. రోమాలోని విశ్వాసులకు ఏదో ఇవ్వాలని మొదలుపెట్టి, వెంటనే మాట సర్దుకుని, వాళ్ళ వల్ల తానూ ఆదరణ పొందాలని కోరుకుంటాడు. ఇవ్వడానికే వచ్చానన్నవాడు యజమానిలా మిగిలిపోతాడు. పుచ్చుకోవడానికి కూడా వచ్చానన్నవాడే సహోదరుడవుతాడు.

మన బిడ్డలకు ఒక మాట

కాబట్టి యౌవనస్థులారా, ఈ చరిత్ర చదివాక నాలుగు ప్రశ్నలు మీ చేతికిస్తున్నాం. మిమ్మల్ని రమ్మని అడిగినవాళ్ళు ఎవరు, అక్కడి ఊరివాళ్ళా లేక టికెట్టు అమ్ముకునేవాళ్ళా? అక్కడ చేయబోయే పని మీ చేతులకు వచ్చా? మీరు వెళ్ళడం వల్ల అక్కడ ఒక పేదవాడి కూలి పోదు కదా? తిరిగి వచ్చాక ఎవరి దగ్గరికి వస్తారు? మొదటి మూడింటికి సరైన జవాబు ఉంటే ప్రార్థించి వెళ్ళండి, మేము చేతులుంచి పంపుతాం. నాలుగోదానికి జవాబు మీ జీవితమే చెప్పాలి. విదేశంలో పరాయివాళ్ళ మరుగుదొడ్డి కడిగి ఫొటో దిగి, ఇక్కడ మందిరం ఊడ్వమంటే అది మన పని కాదనే బిడ్డను పరదేశం మార్చలేదు, తిప్పి తీసుకొచ్చింది అంతే.

తల్లిదండ్రులారా, ఊళ్ళో పని ఉందన్న మాట నిజమే. అయితే ఊళ్ళో పని కనబడడానికి కొందరి కళ్ళకు కొంత దూరం కావాలి. అజరయ్యకు కావలసి వచ్చింది. అప్పు చేసి మాత్రం పంపకండి. వెళ్ళడం దేవుని పిలుపే అయితే సంఘమంతా కలిసి మోస్తుంది. దూరం వెళ్ళలేని బిడ్డ తక్కువవాడని కూడా ఎప్పుడూ అనకండి. నెహెమ్యా 3లో యెరూషలేము గోడ కట్టినవాళ్ళ జాబితా చూడండి. వేరే ఊళ్ళ నుంచి వచ్చి కట్టినవాళ్ళున్నారు, తమ ఇంటి ఎదుటి గోడ మాత్రమే కట్టినవాళ్ళున్నారు. ఇద్దరి పేర్లూ అదే జాబితాలో ఉన్నాయి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా బిడ్డలను దూరం పంపినా, దగ్గర ఉంచినా, ఇతరుల భారం మోసే చేతులు వాళ్ళకియ్యి. వాళ్ళు వెళ్ళిన చోట నేర్చుకునే మనసు ఇయ్యి. తిరిగి వచ్చినప్పుడు సొంత ఊరిని కొత్త కళ్ళతో చూసే కృప ఇయ్యి. మమ్మల్ని ఆదుకోవడానికి ఒకప్పుడు వచ్చిన పేరు తెలియని చేతుల కోసం నీకు స్తోత్రం. యేసు నామంలో వేడుకుంటున్నాం. ఆమేన్.